రెండు పట్టములు సంపాదింపవలెనా?
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రామారోగ్యమును గూర్చి మాటలాడవలసినదిగా మమ్ములను ఆహ్వానించినారు. మంచినీటి శుద్ధిని గూర్చియు, మురుగు కాలువలను గూర్చియు ఈ ఉదయమే డాక్టరుగారు మీకు విపులముగా చెప్పియున్నారు. వారు చెప్పినదానినే మరల చెప్పి మీ కాలమును వ్యర్థము చేయము. క్రిందటి వేసవిలో శ్రీకాకుళం జిల్లాలోని ఒక గ్రామమునకు మేము ప్రచార కార్యక్రమముపై వెళ్ళినపుడు, అచటి వార్డు సభ్యులొకరు మమ్ములను ఒక ప్రశ్న అడిగినారు. అట్టి ప్రశ్న మీలో ఎవరికైనను రేపో మాపో ఎదురుకాగలదు. నేటి మా ప్రసంగము ఆ ప్రశ్నకు సమాధానమే.

వారు అడిగినది ఇది: "బాబూ, మా మేనల్లుడు పళ్ళ డాక్టరు చదువు పూర్తి చేశాడు. ఊళ్ళో ఎవరూ తనను డాక్టరుగా లెక్కచేయటం లేదంటాడు. పెద్ద డాక్టరు చదువు కూడా చదివి డబుల్ డిగ్రీ తెచ్చుకుంటానని పట్టుపట్టాడు. మా బావకున్నది మూడెకరాల మాగాణి. అందులో రెండెకరాలు అమ్మాలి. పెద్దమనిషివి, నువ్వే చెప్పమని అందరూ నా మీద పెట్టారు. ఏం చెప్పమంటారు?"

ఆ పూట మేము సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. "విచారించి చెప్పెదము" అంటిమి. సర్కారు ఉద్యోగి ఆ మాట అన్నచో ఇక అది తేలదని గ్రామములలో నవ్వుకొందురని మాకు తెలియును. అందుచేతనే తిరిగి వచ్చిన పిమ్మట వైద్యులను, దంతవైద్యులను, దవడలకు శస్త్రచికిత్స చేయువారిని కలిసికొని విచారించితిమి.

ముందుగా అందరికిని కలుగు సందేహమును తీర్చుకొందము. కంటికి, చెవికి వైద్యము చేయువారు మొదట ఎం.బి.బి.యస్. చదివి, పిమ్మట ఆ అవయవమును గూర్చి ప్రత్యేకముగా చదువుదురు. పన్ను కూడ శరీరములోనిదే కదా, దానికి మాత్రము మొదటినుండియు వేరు చదువు ఎందులకు? మన ప్రాచీనులు అట్లు వేరుచేయలేదు. సుశ్రుతుడు పెదవులు, చిగుళ్ళు, పండ్లు, నాలుక, అంగిలి, గొంతు వీని వ్యాధులనన్నిటిని ముఖరోగములని ఒక్కచోటనే చెప్పినాడు. ఐరోపాలో మాత్రము పన్ను పెరుకుట చాలకాలము మంగలుల పనిగా నుండెను. పండితులైన వైద్యులు దానిని చిన్నచూపు చూచిరి. 1840లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున దంతవైద్యమునకే ప్రత్యేకముగా ఒక కళాశాల వెలసినది. నాటినుండి రెండు చదువులును రెండు దారులు పట్టినవి. మన దేశమున 1920లో డాక్టర్ రఫీయుద్దీన్ అహమ్మద్ గారు కలకత్తాలో తొలి దంతవైద్య కళాశాలను స్థాపించిరి. 1948లో దంతవైద్యుల చట్టము వచ్చినది. ఇటీవల వైద్యులకు 2019లో ఒక కమిషన్ చట్టమును, దంతవైద్యులకు 2023లో మరియొక కమిషన్ చట్టమును పార్లమెంటు ఆమోదించినది. ఇట్లు చట్టములు వేరు, రిజిష్టర్లు వేరు. ఒక రిజిష్టరులో పేరున్నంత మాత్రమున రెండవ వృత్తి చేయుటకు అధికారము రాదు.

చట్టము గీచిన గీతను రోగము ఎరుగదు. మోటారు సైకిలుపై పోవుచు, శిరస్త్రాణము లేక పడిన యువకుని చూడుడు. దవడ రెండు మూడు చోట్ల విరిగినది. క్రింది పండ్లు, పై పండ్లు మునుపటివలె సరిగా కలియునట్లు ఎముకను కూర్చకున్నచో అతడు జీవితాంతము అన్నము నమలలేడు. ఆ కూర్పు దంతవైద్యునికి తెలిసినట్లు మరియొకరికి తెలియదు. అయితే అదే యువకునికి తలలో దెబ్బ తగిలియుండవచ్చును, రక్తము పోయి నాడి పడిపోవుచుండవచ్చును. అది వైద్యుడు చూడవలసిన పని. గ్రహణపు మొర్రితో పుట్టిన బిడ్డయు అట్టిదే. ప్రపంచమున సుమారు 700 కాన్పులకు ఒక బిడ్డ ఈ లోపముతో పుట్టుచున్నదని వైద్యుల లెక్క. ఆ బిడ్డకు పెదవిని, అంగిలిని కలిపి కుట్టుటయేగాక, వంకరగా వచ్చు పండ్లను సరిచేయవలెను, మాట నేర్పవలెను. తుదకు ఒక పుచ్చుపన్ను కూడ అశ్రద్ధ చేసినచో, దాని మొదట పుట్టిన చీము మెడలోనికి దిగి ఊపిరి ఆడకుండ చేయగలదు.

ఈ విధముగా రెండు శాస్త్రములును కలియు చోట పుట్టినదే నోటికి, దవడలకు, ముఖమునకు చేయు శస్త్రచికిత్స అను శాఖ. రెండు పట్టముల ప్రశ్న న్యాయముగా పుట్టవలసినది ఇచ్చటనే. పంటికి సిమెంటు పెట్టుటకుగాని, జ్వరమునకు మందిచ్చుటకుగాని రెండు పట్టములతో పనిలేదు.

రెండును చదివిన ఒక మహనీయుని కథ చెప్పెదము. వరజ్తాద్ కజంజియన్ అను ఆర్మేనియా దేశీయుడు 1879లో తుర్కీలో జన్మించి, పదునారేండ్ల ప్రాయమున అమెరికాకు వలసపోయి, వూస్టరు పట్టణములో ఒక ఇనుపతీగల కర్మాగారములో కూలిపని చేసెను. పిదప హార్వర్డు విశ్వవిద్యాలయములో దంతవైద్యము చదివి 1905లో పట్టము పొందెను. మొదటి ప్రపంచ యుద్ధకాలమున, 1915లో, హార్వర్డు వారి వైద్యబృందముతో ఫ్రాన్సునకు వెళ్ళెను. కందకములలో తలయెత్తిన సైనికునికి గుండు తగులునది ముఖముననే. దవడలు ఎగిరిపోయిన వందలాది యువకులు ఆయన యొద్దకు వచ్చిరి. తీగలతోను, పలుదౌడ అచ్చులతోను ఆ ముఖములను నిలబెట్టుటలో ఆయన ప్రసిద్ధుడయ్యెను. తీగల కర్మాగారములోని పనితనము ఆయనకు అక్కరకు వచ్చినదని అనుకొనుట తప్పుకాదు. ఎముకతో పని తీరదనియు, పైనున్న మాంసమును, చర్మమును కూడ కూర్చుట నేర్వవలెననియు గ్రహించి, స్వదేశమునకు వచ్చి విద్యార్థులతోపాటు బల్లలపై కూర్చుండి 1921లో వైద్య పట్టము పొందెను. అప్పటికి ఆయన వయస్సు 42 సంవత్సరములు. తరువాత ఆ విశ్వవిద్యాలయములోనే ప్లాస్టిక్ శస్త్రచికిత్సకు ఆచార్యుడయ్యెను.

ఆయన రెండవ చదువునకు పోయినది మొదటి పనిని చాలకాలము చేసిన పిదప. ఏమి లోటుగా నున్నదో ఆయన చేతులకు తెలియును. పేరు ప్రక్కన అక్షరములు పెరుగుట కొరకు పోలేదు.

ఇక నేటి స్థితి. బ్రిటనులోను, జర్మనీలోను ఈ శాఖలో స్పెషలిస్టు కాదలచినవారికి వైద్య పట్టము, దంతవైద్య పట్టము రెండును ఉండితీరవలెను. అమెరికాలో అట్లు నిర్బంధము లేదు. అచట దంతవైద్య పట్టము పొందినవారికి రెండు మార్గములు గలవు. ఒకటి సుమారు 4 సంవత్సరముల శిక్షణ. రెండవది వైద్య పట్టముతో కలిసినది. సాధారణముగా 6 సంవత్సరములు పట్టును. ఏది ముగించినవారైనను స్పెషలిస్టు పరీక్షకు అర్హులే. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబముల పిల్లలలో కొందరు ఈ రెండవ మార్గమును గూర్చి చెప్పగా, ఆ మాట మన కళాశాలలకు చేరి, "డబుల్ డిగ్రీ" అను పేరుతో ఊరూరికి వచ్చినది. అయితే ఆ కలగలుపు కోర్సు మన దేశములో లేదు. ఈ ఒక్క సంగతి చాలమంది తలిదండ్రులకు తెలియదు.

మన దేశములో రెండును కావలెనన్న రెండింటిని వేరువేరుగా, మొదటినుండి తుదివరకు చదువవలెను. బి.డి.యస్. నాలుగేండ్లు, ఒక సంవత్సరము ఇంటర్న్‌షిప్పు, వెరసి 5. ఎం.బి.బి.యస్. నాలుగున్నరేండ్లు, ఒక సంవత్సరము ఇంటర్న్‌షిప్పు, వెరసి ఐదున్నర. బి.డి.యస్.లో శరీర నిర్మాణ శాస్త్రము చదివినాడు కదా అని ఎం.బి.బి.యస్. మొదటి సంవత్సరమును ఎవరును మినహాయింపరు. ప్రవేశమునకు మరల నీట్ పరీక్ష వ్రాయవలసినదే. 2024లో ఆ పరీక్షకు 23 లక్షలకు పైగా విద్యార్థులు కూర్చుండగా, దేశమంతటను ఎం.బి.బి.యస్. సీట్లు లక్షకు కొంచెము పైగా మాత్రమే ఉండెను. అందులో ప్రభుత్వ కళాశాలలలోని సీట్లు ఒక భాగమే. ప్రైవేటు సీటు వచ్చినచో రెండెకరములు చాలునో చాలదో ఆ ఊరివారే లెక్కవేసికొనవలెను.

ఆ మేనల్లుని లెక్క మేమే వేసితిమి. అతనికి ఇపుడు 23 ఏండ్లు. నీట్ చదువుటకు ఒక సంవత్సరము. సీటు వచ్చినదనుకొన్నను, ఎం.బి.బి.యస్. ముగియునప్పటికి ముప్పది దరిదాపు. అప్పటికిని అతడు దవడ శస్త్రచికిత్సకుడు కాడు. దానికి ఎం.డి.యస్. మరి 3 సంవత్సరములు. అంతయు ముగియునప్పటికి 32 దాటును. అట్లుగాక, ఇపుడే ఎం.డి.యస్. ప్రవేశ పరీక్ష వ్రాసి, నోటి, దవడల శస్త్రచికిత్స శాఖలో సీటు సంపాదించుకొన్నచో, 27 ఏండ్లకు అదే పనికి అర్హుడగును. ప్రభుత్వ కళాశాలలో చేరినచో చదువుచున్నంత కాలము స్టైపెండు కూడ వచ్చును. మన దేశమున విరిగిన దవడలను, గ్రహణపు మొర్రిని, నోటి కంతులను సరిచేయు శస్త్రచికిత్సకులలో అనేకులు బి.డి.యస్., ఎం.డి.యస్. చదివినవారే. చట్టము వారికి రెండవ పట్టమును కోరుట లేదు.

అట్లయిన ఆ యువకుడు ఐదున్నరేండ్లను, తండ్రి రెండెకరములను ఎందులకు ధారపోయదలచినాడు? దీనికి సమాధానము మాకు పుస్తకములలో దొరకలేదు. ఆ నాటి సాయంకాలమే, వారి అరుగు మీద దొరకినది.

సభ ముగిసిన పిమ్మట ఆ సభ్యులు మమ్ములను కాఫీకి తమ ఇంటికి తీసికొనిపోయినారు. అరుగు మీద వారి తల్లిగారు కూర్చుండి చుట్ట కాల్చుచున్నారు. ఆ ప్రాంతపు అలవాటు మీకు తెలిసినదే. చుట్ట నిప్పు కొనను నోటిలోపల నుంచి పీల్చుదురు. అడ్డపొగ అందురు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతములలో ముఖ్యముగా స్త్రీలలో ఈ అలవాటు తరతరములుగా నున్నది. ఆ నిప్పు వేడికి, పొగకు అంగిలి మీద మచ్చలు, పుండ్లు ఏర్పడి, కొందరిలో కాన్సరుగా మారునని వైద్యులు ఏనాడో కనుగొన్నారు. సాధారణముగా అంగిలిలో అరుదుగా వచ్చు కాన్సరు ఆ ప్రాంతములో ఎక్కువగా కనిపించుటకు కారణము ఇదియే.

మాటల సందర్భమున ఆ పెద్దమ్మ, నోరు మండుచున్నదనియు, కొన్ని నెలలుగా ఆవకాయ ముట్టుట లేదనియు చెప్పినది. మీ మనుమనికి చూపించినారా అని మేమడిగితిమి. ఆ సభ్యులు నవ్వి, "వాడు పళ్ళ డాక్టరు కదా బాబూ, మా అమ్మకి పళ్ళెక్కడున్నాయి?" అన్నారు.

అందరును నవ్విరి. ఆ యువకుడు మాత్రము నవ్వలేదు. అప్పుడే వచ్చి గడప యొద్ద నిలబడియున్నాడు. లోపలికి వచ్చి, "అమ్మమ్మా, ఒకసారి నోరు తెరువు" అని, సెల్‌ఫోను దీపముతో చాలసేపు చూచినాడు. వ్రేలితో తడిమినాడు. మెడ క్రింద గడ్డలేమైన ఉన్నవేమోనని నొక్కి చూచినాడు. అంగిలి మీద తెల్లని మందపు పొర, దాని నడుమ ఎర్రని మచ్చలు ఉన్నవని మేనమామతో చెప్పినాడు. ముక్క తీసి పరీక్షకు పంపవలెననియు, రేపే విశాఖపట్నం తీసికొనిపోవుదుననియు అన్నాడు. "ఇదంతా నీకెట్లా తెలుసురా?" అని ఆ సభ్యులు అడిగినారు. "నోటి రోగాల మీద మాకు వేరే పాఠ్యాంశమే ఉంది మామయ్యా. ఏడాదంతా చదివింది ఇదే" అని ఆ యువకుని సమాధానము.

అయిదేండ్లు చదివి వచ్చిన పిల్లవానిని, ఇంటిలోనే నోటి పుండు ఉండగా, చూడుమని అడిగినవారు లేరు. "అసలు డాక్టరు కాడట" అను మాట మాత్రము బస్సు దిగినప్పటినుండి అతడు వినుచున్నాడు. పెండ్లి సంబంధములవారు కూడ ఆ మాటయే అన్నారట. ఇచ్చట మా మాట కొంచెము కటువుగా నుండవచ్చును, మన్నింపుడు. ఆ రెండెకరములను అమ్మించుచున్నది ఆ యువకుని ఆశ కాదు, ఊరివారి నోరు. పంచాయతీ సభ్యులు కూడ ఆ ఊరివారిలోనివారే.

పన్ను డాక్టరు చూచునది పన్ను మాత్రమే కాదు. రెండు వారములైనను మానని నోటి పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ, కారణము లేక ఊగు పన్ను, మెడలో గడ్డ — వీనిని మొదట చూపవలసినది దంతవైద్యునికే. వక్కపొడి, గుట్కా నమలువారికి నోరు క్రమముగా బిగిసిపోవును. మూడు వ్రేళ్ళు నిలువుగా నోట పట్టకున్నచో ఆలస్యము చేయరాదు. నోటి కాన్సరు మన దేశపు పురుషులలో మిక్కిలి ఎక్కువగా కనిపించు కాన్సర్లలో ఒకటి. మొదటి దశలో పట్టుకొన్నచో చికిత్స తేలిక. సామాజిక ఆరోగ్య కేంద్రములలోను, ఏరియా ఆసుపత్రులలోను సాధారణముగా దంతవైద్యుని పోస్టు ఉండును. మీ ఊరికి దగ్గరనున్న కేంద్రములో అది భర్తీ అయినదో లేదో కనుగొని, కానిచో తీర్మానము చేసి పంపుట మీ అధికారములోనిదే. మొర్రితో పుట్టిన బిడ్డల విషయమున, 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పరీక్షించి పెద్ద ఆసుపత్రికి పంపు ఏర్పాటు గలదు. ఆశా కార్యకర్తకు తెలియజేసిన చాలును.

రెండు పట్టములు ఎవరికిని వలదని మా అభిప్రాయము కాదు. బ్రిటనులోనో, జర్మనీలోనో ఈ శాఖలోనే పనిచేయవలెనని నిశ్చయించుకొన్నవారికి అవి తప్పవు. అయినను మన పట్టముతో ఆ దేశములలో నేరుగా వృత్తి ఆరంభింప వీలులేదు. అచటి పరీక్షలు ముందు దాటవలెను. తల, మెడ కాన్సరులపై పెద్ద ఆసుపత్రులలో పరిశోధన చేయదలచినవారికి, కుటుంబము మీద భారము వేయకుండ చదువగలవారికి, రెండవ చదువు మంచి సాధనము. పని చేసి చూచి, కజంజియన్‌వలె లోటును తెలిసికొని పోవువారిని ఎవరును ఆపవలదు. మొదటి పట్టము చేతికి వచ్చి ఆరు నెలలు కాకమునుపే, ఒక్క దవడనైనను కట్టి చూడకమునుపే, భూమిని అమ్మి రెండవదానికి పోవుట మాత్రము మాకు సమ్మతము కాదు. పదునెనిమిదేండ్ల పిల్లవాడు నీట్ వ్రాసిననాడే "రెండును చదువుదును" అన్నచో, ముందు ఒకటి కానిమ్మని చెప్పుడు. తాను నిజముగా కోరునది సాధారణ వైద్యమే అయియుండి, సీటు రాక బి.డి.యస్.లో చేరిన పిల్లవాని సంగతి వేరు. అతడు ఆ మాటను మొదటి సంవత్సరములోనే చెప్పుట మేలు. అప్పుడది రెండు పట్టముల ప్రశ్న కాదు, దారి మార్చుకొను ప్రశ్న. అయిదేండ్లును పోగొట్టుకొన్న పిమ్మట చెప్పినచో ఇంటివారికి నష్టము రెట్టింపగును.

మీ యొద్దకు ఇట్టి తగవు వచ్చినపుడు తండ్రిని ఒక ప్రక్కకు పిలిచి భూమి ధర మాటలాడుటకు ముందు, ఆ పిల్లవానినో పిల్లనో కూర్చుండబెట్టి, "నీవు ప్రతి దినము చేయగోరు పని ఏది?" అని అడుగుడు. పట్టము పేరు చెప్పినచో మరల అడుగుడు. పని పేరు చెప్పువరకు అడుగుడు.

ఆ సభ్యులకు మేమీ సమాధానమును ఉత్తరముగా వ్రాసి పంపితిమి. కొన్ని వారములకు వారు ఫోను చేసినారు. పెద్దమ్మ పరీక్ష ఫలితము వచ్చినదట. కాన్సరు ఇంకను ఆరంభము కాలేదు. అయినను మూడు నెలలకొకసారి చూపించుకొనవలెననియు, చుట్ట పూర్తిగా మానవలెననియు డాక్టర్లు చెప్పినారట. ఆమె పూర్తిగా మానలేదు. నిప్పును మాత్రము నోటి బయటకు తెచ్చినదట. మిగిలినది కూడ మాన్పించుటకు మనుమడు దినమును పోరాడుచున్నాడట. ఇపుడు ఆ వీధిలోని ఆడవారు కొందరు తమ నోళ్ళు చూపించుకొనుటకు అతని యొద్దకు వచ్చుచున్నారట. భూమి సంగతి ఏమయినదని అడిగితిమి. "ఈ ఏడు వరి వేశాం బాబూ. వాడు ఎం.డి.యస్. పరీక్షకు పుస్తకాలు తెప్పించుకున్నాడు. రాకపోతే అప్పుడు చూద్దాం" అన్నారు.

ఇక మీ ప్రశ్నలు అడుగవచ్చును.